భాయ్ మెచ్చిన బఠాణీ పుదీనా

మిల్లు గెస్ట్‌హౌస్‌లో విదేశాల నుంచి వచ్చిన ఇంజనీర్లకు నలభై రోజులపాటు నేనే వండిపెట్టాను. కాగితం తయారుచేసే కొత్త మిషను బిగించడానికి వచ్చిన వాళ్ళు పదహారు మంది. మన కారం నోట పెట్టలేక, రొట్టె ముక్కలు నీళ్ళలో ముంచుకుని బతుకుతున్నారు. నేను పచ్చి బఠాణీలు, పుదీనా కలిపి చిక్కని ఆకుపచ్చ గ్రేవీ ఒకటి తయారుచేసి, వేయించిన గోదావరి చేప మీద పోసి పెట్టాను. వాళ్ళలో పెద్దాయన కంచం నాకేసి, లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వదిలాడు.

సారపాకలో ఈ సంగతి తెలియని టీకొట్టు లేదు. అన్ని టీకొట్లలోనూ చెప్పింది నేనే కదా.

డెబ్భై మూడేళ్ళు వచ్చాయి, పైగా కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త సవరించాలి. నలభై రోజులు కాదు, ఒక పూట. పదహారు మంది కాదు, నలుగురు. వండింది నేను కాదు, గెస్ట్‌హౌస్ వంట మేస్త్రీ. నేను మిల్లు కలప యార్డులో వెదురు లారీలను, జామాయిల్ లారీలను కాటా మీదికి ఎక్కించి బరువు రాసుకునే గుమాస్తాను, అదీ కాంట్రాక్టరు కింద. ఆ రోజు మేస్త్రీకి సాయం చేసే మనిషి రాలేదు. ఖాళీగా కనబడ్డ నన్ను పిలిచి బఠాణీ కాయలు ఒలవమన్నారు. ఒలిచాను. పెద్దాయన చెయ్యి ఊపిన మాట నిజమే. నా చెయ్యి పట్టుకుని మాత్రం కాదు. కూర్చున్నచోటి నుంచే, ఇంకో నిమ్మకాయ ముక్క తెమ్మని.

కానీ మేస్త్రీ చేసిన పని పక్కనే నిలబడి చూశాను. ఇది అబద్ధం కాదు. పుదీనా ఆకులు గిల్లి పక్కన పెట్టి, ఒట్టి కాడలను దారంతో కట్టి బఠాణీలు ఉడికే నీళ్ళలో వేశాడు. చిటికెడు చక్కెర, సరిపడా ఉప్పు. ఉడికాక కాడల కట్ట తీసి పారేసి, బఠాణీలను చన్నీళ్ళలో పోశాడు. సగం మెత్తగా నూరాడు, సగం గింజలుగానే వదిలేశాడు. పచ్చిమిర్చి ఒక్కటి, వెన్న కాస్త. అన్నీ కలిపి దించిన తర్వాత, తరిగిన ఆకు చల్లాడు. ఆ వాసన గెస్ట్‌హౌస్ దాటి యార్డు దాకా వచ్చిందని చెబుతుంటాను. వంటింటి గుమ్మం దాకా వచ్చింది, చాలు.

పెళ్ళి చేసుకోలేదు. నలభై సంబంధాలు కాదన్నానని అంటుంటాను. నలభై నాకు ఇష్టమైన అంకె. నిజానికి వచ్చినవి రెండు. ఒకళ్ళు వచ్చి చూసి వెళ్ళారు, రెండోవాళ్ళు దారిలోనే మనసు మార్చుకున్నారు. పనిలో ఉన్నన్నాళ్ళూ మెస్సులో తిన్నాను. మెస్సులో రుచి ఉండదు, మనుషులుంటారు. పక్కవాడి మోచెయ్యి తగలకుండా అన్నం కలుపుకోవడం కుదరదు. పని మానేశాక, దవాఖానాలో డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, హోటలు తిండి ఆపమంది. కిరాయి గదిలో ఒక పొయ్యి, ఒక కుక్కరు, నాలుగు గిన్నెలు పెట్టుకున్నాను. కంచాలు మాత్రం రెండు కొన్నాను. షాపులో ఒకటే ఇమ్మని అడగడానికి నోరు రాలేదు.

మొదటి నెలల్లో కుక్కరు ఈల వేస్తే "ఆ, వస్తున్నా" అనేవాణ్ణి. అంతకుమించి ఆ గదిలో మాటలు లేవు.

పుదీనా భాయ్ పరిచయం ఆ రోజుల్లోనిది. ఊళ్ళో అందరూ అతన్ని అట్లాగే పిలుస్తారు. మార్కెట్టు మలుపులో తోపుడుబండి మీద పుదీనా, కొత్తిమీర, కరివేపాకు అమ్మేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. భార్య పోయి చాలాకాలమైంది. ఒక్కతే కూతురు, బోనకల్‌లో కాపురం. మార్కెట్టు వెనక సందులో ఒంటిగా ఉండేవాడు. అతను అమ్మే తీరే వేరు. ధర చెప్పడు, బేరమాడడు. తడి గోనె కింది నుంచి ఒక ఆకు తుంచి, రెండు వేళ్ళ మధ్య నలిపి, ముందు తన ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూస్తాడు. తర్వాత ఆ వేళ్ళు కొనేవాళ్ళ వైపు చాస్తాడు. "చూడుండ్రి అమ్మా." అంతే. వాసన చూసిన మనిషి కట్ట తీసుకోకుండా కదలడం నేను చూడలేదు.

నేను మొదటిసారి వెళ్ళి, "భాయ్, సగం కట్ట ఇయ్యి. ఒక్కణ్ణే" అన్నాను.

"సగం కట్ట అమ్మను అన్నా," అన్నాడు. "మొత్తం తీస్కో. మిగిలిన సగం నేనే వచ్చి తింట."

వేళాకోళమనుకున్నాను. మధ్యాహ్నం నిజంగానే వచ్చి తలుపు కొట్టాడు. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, నా రెండో కంచం ముందు కూర్చున్నాడు.

అప్పటి నుంచి ఆరేళ్ళు. బండి మీద గోనె కప్పేసి, మిగిలిన కట్ట ఒకటి పట్టుకుని వచ్చేవాడు. చలికాలం వస్తే లారీల్లో బఠాణీ కాయల బస్తాలు దిగేవి. ఇద్దరం చాప మీద కూర్చుని ఒలుస్తూ, లేత గింజలు నోట్లో వేసుకుంటూ, వండటానికి సగమే మిగిల్చేవాళ్ళం. మేస్త్రీ గ్రేవీని నేను మన నోటికి తిప్పుకున్నాను. వెన్న తీసేసి పెరుగు, ఇంకో రెండు పచ్చిమిర్చి, కాస్త అల్లం. జొన్నరొట్టెలోకి పలచగా, చేప ముక్క దొరికిన రోజు చిక్కగా. పోపులో బఠాణీలు గలగలమనేట్టు వేయించి, పైన ఆకు చల్లితే పప్పుచారు పక్కన నంజుకోవడానికి. భాయ్ వాళ్ళ అమ్మ ఖిచిడీలోకి పచ్చి బఠాణీ, పుదీనా, చింతపండు కలిపి నూరేదట. అది అతనే దగ్గర కూర్చుని నేర్పాడు. ఎండాకాలంలో ఎండు బఠాణీలు నానబెట్టుకునేవాళ్ళం. రుచి పిండిపిండిగా ఉంటుంది, కానీ పుదీనా ఉంది కదా.

ఆ ఆరేళ్ళలో అతను నా వంటను పొగిడింది తక్కువ. "ఉడుకు ఎక్కువైంది అన్నా. ఆ దొరలు గిదే తిన్నరా? పాపం." "పుదీనా తక్కువేసినవ్, నా సరుకు మీద నమ్మకం లేదా?" ఇట్లా రోజూ ఒక వంక. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. మా పోట్లాట పై అంతస్తులో ఉండే ఆమెకు వినబడి, "మీ ఇద్దరికి గింత కూర కాడ గింత లొల్లి ఏంది తాతా?" అని మెట్ల మీది నుంచి నవ్వేది.

సారపాకలో నేను వండింది తినే మనిషి అతనొక్కడే. టీకొట్టు దగ్గర నా మాటలు వినేవాళ్ళు పదిమంది ఉంటారు, టీ అయిపోతే లేచిపోతారు. భాయ్ రాకపోతే రెండో కంచం అరలోంచి తీసే పని ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను చేసిన పని చెప్పేటప్పుడు, దేన్ని చేజేతులా పోగొట్టుకున్నానో మీకు తెలిసి ఉండాలి.

మొన్నటి వానాకాలం భాయ్‌కి జ్వరం వచ్చింది. రెండు వారాలు మంచం దిగలేదు. కూతురు వచ్చి చూసుకుని వెళ్ళింది. తేరుకుని మళ్ళీ బండి తీశాడు. మనిషి చిక్కాడు, మాట కాస్త తగ్గింది. చలికాలం వచ్చింది, బఠాణీలు దిగాయి. మునుపటిలాగే ఇద్దరం ఒలిచాము, నేను వండాను.

అప్పుడు మొదలయ్యాయి మెప్పులు. "వాహ్ అన్నా! ఇవాళ కుదిరింది." మర్నాడు, "నిన్నటికంటె ఇయ్యాల ఇంకా మంచిగుంది." ఇంకో రోజు, "నీ చెయ్యి తిరిగింది అన్నా, ఇంక నేను వంక పెట్టేది లేదు." ఒక్క వంక లేదు. ఆరేళ్ళ తర్వాత నా వంట ఒక స్థాయికి చేరిందని నేను నిర్ణయానికొచ్చాను. అద్దంలో చూసుకుని తల దువ్వుకున్నాను. టీకొట్టులో గెస్ట్‌హౌస్ కథకు ఇంకో ఇద్దరు ఇంజనీర్లను చేర్చాను.

బండి దగ్గర మాత్రం అతను ఆకు నలిపి ముక్కు దగ్గర మునుపటికంటే చాలాసేపు పెట్టుకుంటున్నాడు. చూశాను. వయసు మీద పడుతోంది, అనుకున్నాను.

సంక్రాంతి దాటిన తర్వాత ఒక మధ్యాహ్నం. బఠాణీలు పొయ్యి మీద పెట్టాను. ఇంతలో గ్యాసు బండ తెచ్చిన మనిషి గేటు దగ్గర పిలిచాడు. బండ దించుకుని, అతనికి మంచినీళ్ళిచ్చి, ఊరికే పంపడం ఎందుకని గెస్ట్‌హౌస్ కథ ఎత్తుకున్నాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపే ఘట్టంలో ఉండగా, పై అంతస్తు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కేకేసింది.

"ఏంది తాతా, ఇల్లు తగలవెడ్తున్నవా?"

పరిగెత్తాను. పరిగెత్తానంటే, మోకాళ్ళు ఎంత ఒప్పుకుంటే అంత. కుక్కరు అడుగు బొగ్గయింది. కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, పొగను బయటికి తోలాను. పొగ పోయింది. కంపు పోలేదు. గోడలకు, దుప్పటికి, నా చొక్కాకు పట్టుకుంది. పైన మాడని గింజలు కొన్ని ఏరి, పుదీనా గుప్పెడెక్కువ కలిపి మూత పెట్టాను. భాయ్ వస్తే ఏమంటాడో ఊహించుకుని, జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను.

అతను వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, గుండె నిండా ఊపిరి పీల్చి, "ఆహా! గల్లీ మొదట్లకే కొడ్తుంది అన్నా వాసన" అన్నాడు.

ఎగతాళి అనుకున్నాను. "కొడ్తది, ఎందుకు కొట్టదు," అన్నాను. "ఏం వాసనో చెప్పు చూద్దాం."

"ఏం వాసనేంది, పుదీనా! ఇయ్యాల నెయ్యి గిట్ల తగిలిచ్చినవా?"

అతని మొఖంలోకి చూశాను. నవ్వు లేదు. కళ్ళలో కొంటెతనం లేదు. చేతులు కడుక్కుని కూర్చుని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఒక క్షణం ఆగాడు.

"కొంచెం చేదు తగుల్తుంది. మెంతికూర వేసినవా? మంచిగనే ఉంది అన్నా. కొత్తగుంది."

నేను కలిపిన ముద్ద కంచంలో పెట్టేశాను.

"భాయ్," అన్నాను, "నీకు వాసన తెలుస్తలేదా?"

అతను తల ఎత్తలేదు. కంచంలో బఠాణీలను ఒకటొకటిగా పక్కకు జరిపాడు.

"జ్వరమొచ్చినప్పటి సంది," అన్నాడు. "ఉప్పు తెలుస్తది, పులుపు తెలుస్తది, కారం తెలుస్తది. పుదీనా నాలుకకు సల్లగ తగుల్తది. గంతే. వాసన దిక్కు గోడ కట్టినట్టుంది."

"డాక్టరుకు చూపియ్యలేదా?"

"చూపిచ్చిన. రావొచ్చు, రాకపోవచ్చు అన్నడు."

"మరి రోజు వాహ్ వాహ్ అంటివి గద?"

"ఏమనాలె అన్నా?" ఇప్పుడు తలెత్తాడు. "ముద్ద నా నోట్లకు పోకముందే నువ్వు నా మొఖం చూస్తుంటివి. పరీక్ష రాసి నంబరు కోసం చూసినట్టు చూస్తుంటివి. బాగలేదంటె ఏం బాగలేదో చెప్పాలె గద. నాకు తెలిస్తే గద చెప్పేది."

అతనే మళ్ళీ అన్నాడు.

"ఎవరికి చెప్పకు. పుదీనా అమ్మెటోనికి ముక్కు పని చేస్తలేదంటె నా బండి కాడికి ఎవరొస్తరు? ఇప్పుడైతె కాడ విరిచి చూస్త, ఆకు గిచ్చితె చప్పుడు వింట. గట్ల నడిపిస్తున్న."

"చెప్పను," అన్నాను.

చెప్పను అనే అనుకున్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

ఆ సాయంత్రం మాడిన కుక్కరు తోముతూ కూర్చున్నాను. ఎంత తోమినా నలుపు పోలేదు. భాయ్ బాధ గురించి ఆలోచించి ఉండవలసింది. పుదీనా మీద బతికే మనిషి, పొద్దున్నే తడి గోనె ఎత్తి తన సరుకు తనకే తెలియకుండా కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఆలోచించి ఉండవలసింది. నేను ఆలోచించింది నా గురించి. ఆ చలికాలమంతా పోగేసుకున్న మెప్పులు ఒక్కటొక్కటిగా లెక్కకు రాకుండా పోయాయి. కోపమొచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను.

రెండు రోజులు ఆగాను. మూడోరోజు టీకొట్టులో చెప్పేశాను.

ఎందుకు చెప్పానో పదిరకాలుగా నాకు నేను సంజాయిషీ ఇచ్చుకున్నాను. అసలు కారణం చిన్నది. ఆ పొద్దున టీకొట్టులో ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ ఫోన్లలో తలలు దూర్చుకున్నారు. గెస్ట్‌హౌస్ కథ మొదలుపెడితే ఒకతను, "విన్నం తాతా, విన్నం" అన్నాడు. అప్పుడు నోటికి వచ్చింది.

"పుదీనా భాయ్ కథ వినలేదు గద?"

తలలు లేచాయి. బెంచీలు నా వైపు తిరిగాయి. ఇంక ఆగలేదు. మాడిన బఠాణీల కంపును నెయ్యి వాసన అన్నాడని చెప్పాను. నవ్వారు. నవ్వు చాలలేదు. కొత్తిమీరను పుదీనా అని అమ్మాడన్నాను. ఇంకా నవ్వారు. కుళ్ళిన కట్ట నలిపి ఒకామె ముక్కుకు పెడితే ఆమె కళ్ళు తిరిగి పడిపోయిందన్నాను. ఒకతనికి నవ్వి నవ్వి టీ పొలమారింది. ఆ పావుగంట నేను ఒంటరివాణ్ణి కాను.

మూడు నాలుగు రోజుల్లో కథ మార్కెట్టు మలుపు చేరింది. భాయ్ చాచిన వేళ్ళను వాసన చూసే ఆడవాళ్ళు, కట్ట చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూడసాగారు. ఒకామె నా కళ్ళ ముందే, "భాయ్, నీ ముక్కు పని చేస్తలేదంట గద, మేమే చూస్కుంటం తియ్యి" అంది. నవ్వుతూనే అంది. భాయ్ కూడా నవ్వాడు. వేళ్ళు మాత్రం చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. రోజూ పెద్ద మోపు తీసుకునే బిర్యానీ సెంటరు అతను వేరే చోట తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. భాయ్ సరుకులో ఏ లోపమూ లేదు. అతను కాడ విరిచి తెచ్చిన పుదీనా ఊళ్ళో అందరి పుదీనా కంటే తాజాగా ఉండేది. కానీ కథ కొత్తిమీర కంటే జల్దీ అమ్ముడుపోతుంది.

ఆ రోజుల్లో అతను నా గదికి రావడం తగ్గింది. వచ్చినా వంక లేదు, మెప్పు లేదు. తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం గుమ్మంలోనే నిలబడ్డాడు. చెప్పులు విప్పలేదు.

"పోతున్న అన్నా. బోనకల్. బిడ్డ రమ్మంటుంది."

"బండి?"

"ఇచ్చేసిన."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నేనే భాయ్, నా నోరే, అని. నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది: "మంచిదే గద, బిడ్డ చేతి తిండి. నా బఠాణీల బాధ తప్పుతది నీకు."

"అవ్," అన్నాడు. కాసేపు నిలబడ్డాడు. ఏమన్నా అంటానేమో అని చూసినట్టుంది. నేను గోడకున్న క్యాలెండరు వైపు చూస్తున్నాను. వెళ్ళిపోయాడు.

తర్వాతి వారాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే అందులో సంగతి. బఠాణీలు ఒలిచేవాణ్ణి. ఒకడికి ఎన్ని కావాలో చేతికి అలవాటు కాలేదు. రోజూ ఎక్కువయ్యేవి, సాయంత్రం అవే తినేవాణ్ణి. మర్నాడు పొద్దున కూడా. మార్కెట్టు మలుపులో ఆ జాగాలో ఎవరో ప్లాస్టిక్ డబ్బాలు పెట్టారు. పుదీనా కోసం ఇంకో కొట్టుకు వెళ్తే ఆయన కట్టను కవరులో వేసి చేతికిచ్చాడు, ఆకు నలపలేదు. గదిలో వండితే వాసన బాగానే వచ్చేది. "బాగుంది" అని పైకే అనుకునేవాణ్ణి. ఆ మాట ఎట్లా వినిపించేదంటే, పక్కగదిలో ఎవరో తలుపేసుకుంటూ అన్నట్టుండేది. ఫోనులో అతని నంబరు తీసి, మోగకముందే ఆపేసేవాణ్ణి. టీకొట్టుకు వెళ్ళడం మానేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

శివరాత్రి దాటాక బఠాణీలు ముదిరిపోతాయి. మార్కెట్టులో చివరి బస్తా అడుగున కాయలు కొన్ని దొరికితే తెచ్చాను. పొద్దున చీకటితోనే లేచి గ్రేవీ చేసి, స్టీలు క్యారేజీలో పెట్టుకుని, ఖమ్మం బస్సెక్కాను. ఖమ్మంలో దిగి ప్యాసింజరు రైలు పట్టుకుని బోనకల్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. స్టేషను వెనక, వెల్డింగు షాపును ఆనుకున్న ఇల్లు. వెల్డింగు షాపు అల్లుడిది.

వాకిట్లో టార్పాలిన్ పరదా మీద ఎర్రటి మిర్చి పోసుంది. దాని అంచున భాయ్ కూర్చుని తొడిమలు తీస్తున్నాడు. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"వచ్చినవా," అన్నాడు.

కూతురు మంచినీళ్ళు తెచ్చింది. "ఇంత ఎండల వచ్చినవేంది పెద్దనాయనా, ఫోను చెయ్యొద్దా?" అని రెండు కంచాలు పెట్టి, రొట్టెలు కాల్చడానికి లోపలికి వెళ్ళింది.

నేను క్యారేజీ విప్పకుండానే చెప్పాను. కూర్చోకుండానే చెప్పాను. "భాయ్, టీకొట్టుల చెప్పింది నేనే. కొత్తిమీర సంగతి, ఆమె కళ్ళు తిరిగి పడ్డ సంగతి, అన్ని నేను కల్పించినయే."

అతను ఒక తొడిమ తీసి పక్కన వేశాడు.

"తెలుసు," అన్నాడు.

"ఎవరు చెప్పిన్రు?"

"ఒకరు చెప్పేదేంది? ఆమె కళ్ళు తిరిగి పడ్డదన్నప్పుడే తెలిసింది. సారపాకల గట్ల చెప్పెటోడు నువ్వు కాక ఇంకెవడున్నడు?" ఇంకో తొడిమ తీశాడు. "ఆ రోజు గుమ్మంల నిలవడ్డ. చెప్తవేమోనని చూసిన. క్యాలెండరు చూస్కుంట నిలవడ్డవ్. దానికే నాకు కోపం. కథకు కాదు."

మిర్చి ఘాటుకు ఇద్దరికీ దగ్గు వచ్చింది. దగ్గుతూ కూర్చున్నాము.

కూతురు రొట్టెలు తెచ్చింది. నేను క్యారేజీ మూత తీశాను. బస్సు వేడికి, రైలు వేడికి పుదీనా నల్లబడింది. చేసినప్పుడు లేత చిగురు రంగులో ఉన్న గ్రేవీ తుమ్మబంక రంగుకు తిరిగింది. భాయ్ రొట్టె తుంచి, అద్దుకుని, నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలాడు. నేను అతని మొఖం చూడకుండా మిర్చి వైపు చూశాను.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు. "కారం సరిపోయింది. మిగిలింది నాకు తెల్వదు. ఎట్లుందో నువ్వే చెప్పు."

"నేనా?"

"నువ్వే. నువ్వు అబద్ధం చెప్తే నాకు పట్టుకోవస్తలేదు ఇప్పుడు. గందుకే చెప్పకు."

నేను రొట్టె తుంచుకుని తిన్నాను. నా వంటను నేను అంత శ్రద్ధగా ఎన్నడూ తినలేదు. గెస్ట్‌హౌస్‌లు, ఇంజనీర్లు, ఊపిన చేతులు, అన్నీ నాలుక చివరి దాకా వచ్చి ఆగాయి.

"మంచిగలేదు భాయ్," అన్నాను. "బఠాణీలు ముదిరినయ్. లోపట పిండి తగుల్తుంది. పెరుగు పులిసి వాసనొస్తుంది. పుదీనా వాసన పోయింది. ఎండిన గడ్డిని తడిపితే వస్తది చూడు, అట్లాంటిది మిగిలింది. అల్లం ఒక్కటే నిలవడ్డది."

"అడుగు మాడిందా?"

"మాడలేదు."

"నయం," అని ఇంకో ముక్క తుంచాడు. "ఇంక చెప్పు."

చెప్పాను. ముద్ద ముద్దకూ ఏముందో, ఏం లేదో చెప్పాను. అతను కళ్ళు మూసుకుని నమిలాడు, బండి దగ్గర ఆకు నలిపి వాసన చూసేటప్పటిలాగా. గిన్నె అడుగు దాకా ఇద్దరం తిన్నాము. బాగలేని కూర అంతసేపు తినడం అదే మొదటిసారి.

రైలు వేళ అయింది. స్టేషను దాకా రాలేనన్నాడు, కాళ్ళు నొప్పులట. వాకిలి దాకా వచ్చాడు.

"మళ్ళ ఎప్పుడొస్తవ్?"

"ప్రతి ఆదివారం వస్త," అన్నాను.

అతను నా మోకాళ్ళ వైపు చూశాడు.

"నెలకొకసారి," అన్నాను.

ఇంకా చూస్తున్నాడు.

"బస్సు దూరం భాయ్. బోర్ల పడుకుంటె గాని నడుం నిలవదు. వచ్చే చలికాలం బఠాణీలు దిగినంక ఒకసారి వస్త. అప్పటిదాక ఉంటె."

"గిది నిజం లెక్కుంది," అన్నాడు భాయ్. లోపలికి వెళ్ళి మళ్ళీ మిర్చి దగ్గర కూర్చున్నాడు. నేను స్టేషను వైపు నడిచాను.